అక్కకు తక్కువైన ఏడాది

మా ఇంటి పైవాటాలో అద్దెకుండే మునిరత్నం ఏదైనా అడగదలచుకుంటే ముందు చెప్పులు గడప బయట విప్పుతాడు, చేతిలో ఉన్నది వెనక్కి దాచుకుంటాడు, ఆ తర్వాత "టీచరమ్మా, పనిలో ఉండారా" అంటాడు. నేను రిటైరై ఇన్నేళ్ళయినా తిరుపతిలో మా వీధికి నేను టీచరమ్మనే. మొన్న అట్లాగే వచ్చాడు. సొంతూరు వడమాలపేట. ఇక్కడ కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే షాపు పెట్టుకున్నాడు. వెనక దాచింది ఫోను. ఫోను వెనకాల కూతురు లోహిత. పది పాసైన పిల్ల. ఎవరో కోచింగువాళ్ళు ఫోనులోనే పెట్టిన పరీక్ష రాసిందట. రాయగానే డాక్టరు సీటు వచ్చే అవకాశం ఎంతో ఆ ఫోనే రంగుల్లో చూపిస్తుందట. ఆకుపచ్చ వస్తే ఖాయం, ఎరుపు వస్తే ఆశ వదులుకోవాలి, మధ్యలో పసుపు. "మా పాపకు పసుపు వచ్చినాది టీచరమ్మా. పసుపంటే మనకు మంచిదే గదా" అని నవ్వబోయి, నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

అసలు సంగతి తర్వాత చెప్పాడు. "సెన్నైలో మా సెల్లెలు ఉండాది. ఈ రెండేండ్లు పాపను ఆడ పెట్టి ప్లస్ టూ సదివిస్తే ఆ పసుపు పచ్చనవతాదని అందురూ అంటాండారు. మీరేమంటారు?" నేను "వద్దు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పాపం ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎందుకు వద్దో చెప్పబోతుంటే ఆ పిల్లే అందుకుంది. "నేను ముందే సెప్పినా గదా నాన్నా, ఆడికి పోతే నేను నాన్-లోకల్ అయిపోతానని." పదహారేళ్ళ పిల్ల ఆ మాట ఎంత తేలిగ్గా అనేసిందో! ఆ ఒక్క మాట మా ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉంటే చాలేది. మునిరత్నం తల గోక్కున్నాడు. పోయేముందు లోహిత నన్ను సూటిగా అడిగింది. "మేడం, నిజంగా సెప్పండి. నాకు సీటొస్తాదా?" నా చేతుల మీదుగా ఎన్ని వందలమంది పిల్లలు పోయారో. వాళ్ళందరికీ ఏదో ఒకటి చెప్పాను. ఈ పిల్లకు మాత్రం "బాగా చదువుకో తల్లీ" అన్నాను, అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. వాళ్ళు పోయాక మా అక్క గుర్తొచ్చింది.

అక్క పేరు సరోజ. నాకంటే మూడేళ్ళు పెద్ద. మాది సత్యవేడు దగ్గర పల్లె. మా చేను గట్టు మీద నిలబడి గట్టిగా కేకేస్తే తమిళనాడులో పలుకుతారని మా తాత అనేవాడు. అది గొప్పకు చెప్పిన మాటే అయినా పూర్తిగా అబద్ధం కాదు. చీర కొనాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా, కొత్త గొడ్డలి కావాలన్నా మాకు ఊత్తుకోటే. అవ్వ అక్కడి కొట్లలో అరవంలో బేరమాడి, దారి పొడుగునా తెలుగులో తిట్టుకుంటూ వచ్చేది. మా మేనత్తను ఇచ్చింది కూడా ఊత్తుకోటకే. దారిలో ఒకచోట బోర్డు మీద అక్షరాలు మారతాయి, అంతకు మించి మాకు సరిహద్దంటే ఏమీ తెలియదు. ఆ బోర్డును చూసి భయపడాలని మాకెవరూ చెప్పలేదు.

మా ఇంట్లో తెల్లవారడమంటే వాసనలు ఒకదాని వెనక ఒకటి రావడమే. ముందు పేడనీళ్ళ కళ్ళాపి, తర్వాత అవ్వ కవ్వం కింద మజ్జిగ, తర్వాత పొయ్యి మీద రాగిసంగటి అడుగంటే వాసన. అమ్మ సంగటిని ఏనాడూ అడుగంటకుండా కెలకలేదు, అదేమంటే ఆ మాడే కదా రుచి అనేది. తాత పంచలో కూర్చుని రాత్రి నానబెట్టిన చెనక్కాయలు ఒక్కొక్కటే నములుతూ, ఊళ్ళో ఎవరెవరు ఇంకా లేవలేదో లెక్కబెట్టేవాడు. అక్క దూడను కట్టేసిన గుంజకు ఆనుకుని పాఠం పైకి చదివేది. గుండెకు నాలుగు గదులుంటాయని దూడకూ నాకూ ఒకేసారి తెలిసింది. ఇంట్లో నాటుకోడి కోసిన రోజు అక్క ఇంకా సంబరంగా ఉండేది. అవ్వ చేతిలోంచి గుండె, కాలేయం, కందనకాయ లాక్కుని అరిటాకు మీద పేర్చి, పుల్లతో చూపిస్తూ నాకు చెప్పేది. "కూరకు తెస్తే కాలేజీ పెట్టినావు గదే! ఇటు తే, పులుసు మరుగుతాండాది" అని అవ్వ అరిచేది. అక్క ఇచ్చేసేది గాని, కందనకాయను నీళ్ళల్లో కడిగి లోపలి తోలు ఒలిచేదాకా వదిలేది కాదు. మా నాయనకు ఇంగ్లీషు రాదు. ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చిన రోజు అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క సబ్జెక్టు మార్కులూ చదివించుకుని, ఆ అంకెలనే తిరిగి తనలో తాను అనుకునేవాడు. తర్వాత రెండ్రోజులు ఎద్దులను తోలుతున్నా అవే అంకెలు.

అక్కను డాక్టరు చెయ్యాలన్న మాట మొదట ఎవరన్నారో నాకు గుర్తు లేదు. అనగానే అది ఇంట్లో అందరి మాటా అయిపోయింది. మా హైస్కూల్లో సైన్సు సారు ఏడాదికి సగం రోజులు సెలవులోనే ఉండేవాడు. ఊత్తుకోటలో అత్త ఇంటి పక్క వీధిలో ఇంగ్లీషు మీడియం బడి ఉంది, అక్కణ్ణుంచి ఏటా ఒకరిద్దరు మద్రాసు డాక్టరు కాలేజీకి పోతున్నారని అత్త వచ్చినప్పుడల్లా చెప్పేది. అక్క ఏడో తరగతి అయిపోయిన వేసవిలో నాయన నిశ్చయించాడు. ఎనిమిదిలో అక్కడ చేర్చాలి. అత్త దారంతో అక్క భుజాలూ నడుమూ కొలిచి, ముడులు వేసి తీసుకుపోయి, తెల్ల చొక్కా నీలం పావడా కుట్టించి పంపింది. అక్క దాన్ని రోజుకొకసారి తీసి మడత విప్పి మళ్ళీ మడిచేది. నాకు అది చూస్తే ఒళ్ళు మండేది. రాత్రి నా పక్కన పడుకునేది అక్క. నా జడ వేసేది అక్క. చీకట్లో దొడ్డివైపు పోవాలంటే తోడొచ్చేది అక్క. ఆ నీలం పావడాలో ఇవన్నీ మూటగట్టుకుని పోతుందని తొమ్మిదేళ్ళ నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

తాత పోయింది ఆ వేసవిలోనే. పొద్దున చద్ది తాగి చేనుకు పోయినవాణ్ణి మధ్యాహ్నానికి మంచం మీద తెచ్చారు. పెద్దకర్మ అయిన వారానికి, బడి తెరుస్తున్నారు పిల్లను తీసుకురమ్మని అత్త నుంచి కబురొచ్చింది. అప్పుడు అవ్వకు సందేహం పుట్టింది. ఇంటి పెద్ద పోతే మేము ఏడాది పాటు కొండెక్కము, పండగలకు ఓళిగలు చెయ్యము, గడపకు తోరణం కట్టము. "ఏడాది మైల్లో ఆడబిడ్డను ఇంగొకరింట్లో పెట్టొచ్చునో కూడదో. అయ్యవారిని ఒక మాట అడగండి" అంది. కర్మ చేయించిన అయ్యవారిది పక్కూరు. ఆ పూట చేనికి కరెంటు వచ్చే వంతు, నాయన మోటారు దగ్గరి నుంచి కదిలే వీల్లేదు. అవ్వ గడప దాటకూడదు. అమ్మకు పశువులు. అక్క సంగతే కాబట్టి అక్కను పంపడం బాగుండదు. మిగిలింది నేను. "విజయా, నువ్వు పొయ్యి అడిగిరామ్మా. మీ అక్కను సదువుకు పంపొచ్చునా కూడదా అని అడుగు. ఆయన సెప్పింది సెప్పినట్టు వచ్చి సెప్పాల" అన్నాడు నాయన. అయ్యవారికి ఇమ్మని అమ్మ ఒక మునక్కాయల కట్ట చేతికిచ్చింది.

అయ్యవారు తడిపంచె తీగ మీద ఆరేస్తున్నాడు. నేను అడిగింది విని పెద్దగా నవ్వాడు. "చదువుకు మైలేముందమ్మా? పెళ్ళికి గదా ఏడాది ఆగేది. నిక్షేపంగా పంపమని చెప్పు మీ నాయనకు. బేస్తవారం పంపమను, మంచిది" అన్నాడు. మునక్కాయలు తీసుకుని నాకో బెల్లం ముక్క ఇచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు ఏటి ఇసుకలో చాలాసేపు కూర్చున్నాను. అబద్ధం ఆడాలని అక్కడ కూర్చుని ఆలోచించానని చెప్పలేను. బేస్తవారానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను, మూడు వేళ్ళు కూడా నిండలేదు. ఇంటికి వచ్చేసరికి నాయన కాళ్ళకు బురదతో అప్పుడే వచ్చి నిలబడి ఉన్నాడు. అక్క గుంజ దగ్గర దూడ మెడ నిమురుతూ నా మొహం వైపే చూస్తోంది. "కూడదంట నాయనా. ఏడాది తిరిగేదాకా పంపకూడదంట" అన్నాను. నోట్లో ఇంకా బెల్లం తీపి ఉంది.

"నేను సెప్పలే?" అంది అవ్వ. నాయన కాసేపు గోడ వైపు చూసి, "సరే. వచ్చే ఏడు పంపిస్తాం. ఒక్క ఏడుకు కొంపలేమీ మునిగిపోవు" అన్నాడు. నాయనకు పెద్దల మాట అనుమానించే అలవాటు లేదు, పిల్లల మాట అంతకన్నా లేదు. అక్క ఏడవలేదు. నీలం పావడా తీసి పెట్టె అడుగున పెట్టి, వచ్చే ఏటికి పొట్టి అవుతుందేమో, అంచు విప్పి కుట్టించుకోవచ్చులే అని అమ్మతో అంది. ఇక్కడే నేను దాచకుండా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ ఏడాది నా చిన్నతనం మొత్తంలో నేను అన్నిటికంటే సంతోషంగా ఉన్న ఏడాది. రోజూ నాకు జడ పడేది, రోజూ అక్క పక్కన పడుకునేదాన్ని. చేసింది తప్పని తెలుసు, అయినా హాయిగా ఉండేది. ఒక్క భయం మాత్రం ఉండేది. తాత ఏటిదివసానికి అయ్యవారు వస్తాడు.

వచ్చాడు. నేను వంటింటి గోడ చాటున నిలబడి ఉన్నాను. నాయన దర్భలు పట్టుకుని తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. అక్క విస్తరాకులు తెచ్చి పెడుతుంటే అయ్యవారు తలెత్తి, "ఏమ్మా, నువ్వింకా ఇక్కడే ఉన్నావే?" అన్నాడు. "ఇప్పుడు పోతా ఉండాను సామీ" అంది అక్క. నాయనకు వినబడలేదో, వినబడినా ఊరికే పలకరింపు అనుకున్నాడో. అయ్యవారు అక్కను చూశాడు, తర్వాత గోడ చాటున ఉన్న నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. ఆయన ఏమీ అనకుండా మంత్రంలోకి వెళ్ళిపోయాడు. పిల్ల చేష్ట, పోయింది ఒక ఏడాదే కదా అనుకుని ఉంటాడు. నేనూ అంతే అనుకున్నాను. ఆ ఏడాది విలువ ఎంతో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

అక్క తొమ్మిదో తరగతికి ఊత్తుకోట పోయింది. నాలుగేళ్ళు చదివింది. సెలవులకు వచ్చినప్పుడు మాటల మధ్యలో అరవం దొర్లేది, అవ్వ వెక్కిరించేది. అత్త ఇంట్లో తెల్లారుజామునే లేచి వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, అప్పుడు చదువుకునేదని చాలాకాలానికి తెలిసింది. అక్క ఎప్పుడూ చెప్పుకోలేదు. ప్లస్ టూలో ఆ బడి మొత్తానికి అక్కదే మొదటి మార్కు. అంతకు ముందు ఏడు అంతకంటే తక్కువ మార్కులకు అక్కడి పిల్లలిద్దరికి డాక్టరు సీట్లు వచ్చాయి. ఊళ్ళో వాళ్ళు అప్పుడే అక్కను పలకరించే తీరు మార్చేశారు. మా పక్కింటి ముసలాయన ఒకరోజు చొక్కా ఎత్తి వీపు మీద గడ్డ చూపించాడు. అక్క సిగ్గుపడుతూనే వేలితో నొక్కి చూసింది.

దరఖాస్తు పెట్టడానికి ముందు తిరుపతి వచ్చాం. పని అయ్యాక కొండకు తీసుకుపోతానని నాయన నన్ను కూడా వెంటబెట్టుకున్నాడు. కిటికీ అవతల గుమాస్తా అక్క సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిప్పి, వెనక్కి నెట్టాడు. "ఎనిమిది దాకా సత్యవేడు. ఆ తర్వాత నాలుగేళ్ళూ తమిళనాడు. నాన్-లోకల్" అన్నాడు. నాయనకు ఆ మాట అర్థం కాలేదు. "మాది సత్యవేడే సార్. ఇల్లు ఆడనే, బూమి ఆడనే, మా నాయన సమాది గూడా ఆడనే ఉండాది" అన్నాడు. ఆ గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. పెన్ను కింద పెట్టి నెమ్మదిగా చెప్పాడు. "మీరు లోకలే పెద్దాయనా. పాప కాదు. చివరి నాలుగేళ్ళు ఈడ చదివినోళ్ళకే ఈడ సీట్లు. బయటోళ్ళకు కొన్ని వదుల్తారు, వాటికి ఈ మార్కులు చాలవు." అదే మార్కులతో ఆ నాలుగేళ్ళు ఇక్కడే చదివి ఉంటే సీటు నడిచి వచ్చేదని పక్కన నిలబడ్డ ఎవరో అన్నారు. ఆ రోజు మేము కొండకు పోలేదు.

అయితే మద్రాసు ఉంది కదా అన్నాడు నాయన. చదివింది అక్కడే, మార్కులు వచ్చింది అక్కడే. రెండోరోజే పోయాం. అక్కడ కిటికీ అవతల ఒక ఆడమనిషి. ఆమె కూడా కాగితాలు తిప్పింది, నాలుగు వేళ్ళు చూపించింది. "అంజు వరుషం వేణుం. నాలుదాన్ ఇరుక్కు." అయిదేళ్ళు కావాలి, నాలుగే ఉన్నాయి. బయటి రాష్ట్రం పిల్లలు ఎనిమిది నుంచి పన్నెండు దాకా అక్కడే చదివి ఉంటేనే అక్కడి సీట్లకు పోటీ పడవచ్చునట. నాయన తన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. బొటనవేలు మిగిలింది. ఆ వేలిని మడవకుండా అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. వెనక వరసలో వాళ్ళు జరగమన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం, నేను మధ్యలో. ఎక్కడో రోడ్డు పక్కన బస్సు ఆగినప్పుడు నాయన కిటికీలోంచి చూస్తూ, "పొయ్యేటోడు ఒక ఏడు ముందే పోయింటే బిడ్డకు సీటొచ్చుండు" అన్నాడు. కన్నతండ్రిని గురించి అన్నాడు ఆ మాట. అంటూనే నాలుక కరుచుకుని చెంపలు వేసుకున్నాడు. అక్క ఇటు తిరగలేదు. చెప్పేయాల్సింది అప్పుడే. నాకు పద్నాలుగేళ్ళు, చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో రెండూ తెలిసే వయసు. చెప్పలేదు. ఇద్దరి భుజాలూ నాకు రెండు వైపులా తగులుతూ ఉన్నాయి, అంతే.

మళ్ళీ రాయవచ్చు కదా అని ఎవరో అంటే అక్క ఒక్క మాటే అంది. "ఇంగొక ఏడు సదివితే మార్కులు పెరుగుతాయి. ఎనిమిదో తరగతి వెనక్కి పొయ్యి ఆడ సదవలేను గదా." నాయన శ్రీకాళహస్తిలో బీయస్సీకి చేర్చాడు. ఆర్నెల్లకు పెట్టెతో సహా తిరిగొచ్చింది. "ఆడుండే పిల్లోళ్ళంతా డాక్టరు సీటు రాక వచ్చినోళ్ళే అమ్మా. అందురి మొగాలూ నా మొగం మాదిరే ఉండాయి" అందట. మరుసటి ఏడు సత్యవేడులోనే పెళ్ళయింది. బావ మంచివాడు. ఆవులు, నాలుగు ఎకరాల మామిడి. నేను మా పల్లె పక్క హైస్కూల్లోనే పది ముగించి, తిరుపతిలో చదివి, లోకల్ కోటాలోనే టీచరునయ్యాను. ఉద్యోగం వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషించింది అక్క. సగం ఊరికి ఆమే మిఠాయి పంచింది. నాయన చివరిదాకా సత్యవేడు ఆస్పత్రిలో చీటీ రాసే డాక్టరమ్మను చూసినప్పుడల్లా ఆమె ఏ ఊరు, ఏ బడి అని అడిగేవాడు. ఆయన పోయాడు, అమ్మ పోయింది. అయ్యవారు అంతకు ముందే పోయాడు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్ని మిగిలాను.

ఇప్పటి పిల్లలకు అన్నీ తెలుసు. ఏ తరగతి ఎక్కడ చదివితే ఎక్కడివాళ్ళవుతారో లోహిత నిద్రలో అడిగినా చెబుతుంది. మా నాయనకు రెండు కిటికీల దగ్గర రెండు రోజుల్లో తెలిసిన సంగతి ఈ పిల్లకు ఆరో తరగతి నుంచీ తెలుసు. దానివల్ల మేలు జరిగిందని అనాలనే ఉంది. కాని పైవాటాలోంచి ఆ పిల్ల నవ్విన చప్పుడు నేను విని చాలా నెలలయింది. ఎండలోకి రాదు, పండగకు వడమాలపేట పోదు, తిన్నంతసేపూ ఫోనులో రంగు చూసుకుంటుంది. మా అక్క పదిహేడేళ్ళ దాకా ఆశతో బతికింది, ఒక్కరోజున పోగొట్టుకుంది. ఈ పిల్ల రోజూ కొంచెం కొంచెం పోగొట్టుకుంటోంది. ఏది నయమో చెప్పేంత తెలివి నాకు ఈ వయసులో కూడా రాలేదు. మా కాలమే బాగుండేదని అనే ముసలివాళ్ళంటే నాకు విసుగు. మా కాలం మా అక్కకు ఏం చేసిందో, అందులో నా పాలు ఎంతో నాకు తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం సత్యవేడు బస్సెక్కాను. అక్క ఆవుల కొష్టంలో ఉంది. నన్ను చూసి పేడ చేతులు అట్లాగే ఎత్తిపట్టుకుని, "ఏం మే, సెప్పకుండా వచ్చినావు? ఒళ్ళు బాగుండాదా?" అంది. చేతులు కడుక్కుని, పొద్దున పితికిన పాలతో కాఫీ కాచి ఇచ్చింది. ఇద్దరం పంచలో కూర్చున్నాం. నేను మునిరత్నం కూతురి సంగతితో మొదలుపెట్టాను. రంగుల సంగతి విని అక్క నవ్వింది. తర్వాత ఆపకుండా చెప్పేశాను. అయ్యవారు పంపమన్నాడని, బేస్తవారమని కూడా చెప్పాడని, నేనే కూడదన్నాడని చెప్పానని. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. నాకు ఏడుపు వచ్చింది. ఇంతకాలం తర్వాత అక్క నన్ను దగ్గరికి తీసుకుంటుందని, చిన్నపిల్లవు నీకేం తెలుసు అంటుందని బస్సులో వస్తున్నంతసేపూ అనుకున్నాను. ఎందుకు అబద్ధం, అందుకోసమే వచ్చాను.

అక్క కొంగుతో మోకాళ్ళ మీద లేని దుమ్ము దులుపుకుంది. తర్వాత, "ఇప్పుడెందుకు సెప్పినావు?" అని అడిగింది.

"మోయలేక అక్కా."

"దించుకున్నావు గదా, పోనీలే." గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "నాకు కుశాలగా లేనప్పుడంతా తాతను తిట్టుకుంటా వచ్చినా. పొలంలో, కొష్టంలో, పొయ్యికాడ. సచ్చినోడు గదా, ఎంత తిట్టినా పడతాడు, మళ్ళా మనింటికి వచ్చేది లేదు, మొగం సూసేది లేదు. అట్ల తిట్టుకుంటానే ఇంతకాలం ఎల్లబెట్టినా." నా వైపు తిరిగింది. "ఇప్పుడు నిన్ను తిట్టుకోవాల గదా విజయా. నాయన లేడు, అమ్మ లేదు. నా ఎనక పుట్టినదానివి నువ్వొక్కదానివి ఉండావు. నిన్ను గూడా తిట్టుకుంటే నాకింగ ఎవురుండారు?"

అక్క లేచి, నా ముందున్న ఖాళీ గ్లాసు తీసుకుని తొట్టి దగ్గరికి పోయి, నాకు వీపు పెట్టి కడగడం మొదలుపెట్టింది. ఒక్క గ్లాసు. నా బస్సు వచ్చే వేళ దాకా అదే కడుగుతూ ఉంది.